మణికట్టుమీది నిస్తంత్రి

2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచౌంగు తుపాను బాపట్ల చేరువను తీరము దాటినది. ఆ వానలు వెలిసిన కొలది దినములలోనే గుండ్లకమ్మ జలాశయపు గేటు ఒకటి కొట్టుకొనిపోయినది. అంతకు ముందటి యేడు, 2022లో, ఆ జలాశయమునకే మఱియొక గేటు పోయియుండెను. గేటు ఏల పోయినది, ఎవరి అశ్రద్ధవలన పోయినది యను విచారణ యిప్పుడు మా యుద్దేశము కాదు. ఆనకట్టకు దిగువనున్న రైతు, ఏటియొడ్డున గొఱ్ఱెలు మేపువాడు, కళ్లములో మిరపకాయ ఆరబోసికొని అక్కడనే పండుకొన్న కూలి, ఇట్టివారికి వార్త యెట్లు చేరవలెనన్నదే మా ప్రశ్న. ప్రతివాని జేబులోను సెల్‌ఫోను ఉన్నదిగదా యని సమాధానము రావచ్చును. ఆ సెల్‌ఫోను టవరుపై ఆధారపడియున్నది. టవరు కరెంటుపై, కరెంటు పోయినపుడు బ్యాటరీలపైనను డీజిలుపైనను ఆధారపడియున్నది. డీజిలు బండి బాటపై ఆధారపడియున్నది. గాలివాన మొట్టమొదట కూల్చునవి కరెంటు స్తంభమును, బాటప్రక్కని చెట్టునే. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును కొట్టినపుడు అంతటి మహానగరములో సెల్‌ఫోనులు మూగపోయి, ఒక వీధిలోనివారి క్షేమము మఱియొక వీధిలోని బంధువులకు తెలియకపోయినది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినపుడు టవరులు లేవు. తంతిస్తంభములుండెను, అవియు కూలినవి. సుమారు పదివేల ప్రాణములు పోయిన ఆ ఘోరము వెలుపలి లోకమునకు తెలియుటకే చాల కాలము పట్టినది. ఇంచుమించు అర్ధశతాబ్దము గడచినను మన గ్రామములకు ఈ విషయమున స్వతంత్రమైన సాధనము ఏర్పడలేదు.

ఇట్టి సంకటమునకు సంపూర్ణమైన చికిత్స కాకపోయినను గట్టి యూత కాగల చిన్న సాధన మొకటి కొన్ని యేండ్లుగా అంగళ్ళకు వచ్చుచున్నది. చూచుట కది చేతిగడియారము. దానిలోపల గోరంత కంప్యూటరును, దానిప్రక్క నొక నిస్తంత్రీ యంత్రమును, చిన్న బ్యాటరీయు, చేతి కదలికను కనిపెట్టు సూక్ష్మోపకరణమును ఇమిడియుండును. చైనాలోని షెన్‌జెన్ నగరమున లిలిగో యను సంస్థవారు చేయుచున్న టీ-వాచ్ ఎస్3 ఈ తరగతిలో పేరుపొందినది. ఇది టవరును అడుగదు, సిమ్మును అడుగదు, నెలనెల రీఛార్జిని అడుగదు. ఒక గడియారమునుండి వెలువడిన వార్తను మఱియొక గడియారము నేరుగా అందుకొని, తిరిగి గాలిలోనికి పంపును. దానిని వేఱొకటి అందుకొనును. ఇట్లు కళ్లములో ధాన్యపు గంపను చేతినుండి చేతికి అందించినట్లు వార్త ముందునకు సాగును. దీనినే మెష్, అనగా వల, యనుచున్నారు. వలలో ఒక ముడి తెగినను మిగిలిన ముళ్ళు వార్తను చుట్టుద్రోవను చేర్చును. అన్నిటికంటె ముఖ్యమైన గుణ మేమనగా, దీనికి క్రొత్తపనులను దానిని ధరించినవాడే నేర్పుకొనవచ్చును. తక్కిన గడియారములవలె కంపెనీవారు లోపల నేమి పెట్టిన దానితోనే తృప్తిపడవలసిన పనిలేదు.

ఇందు వాడబడు నిస్తంత్రీ విద్యకు లోరా యని పేరు. ఇది ఫ్రాన్సుదేశమున గ్రెనోబుల్ నగరమున పుట్టినది. 2012లో అమెరికాలోని సెమ్‌టెక్ సంస్థవారు దానిని కొనిరి. దీని కిటు కేమనగా, వార్తను పిట్టకూతవలె స్వరము క్రిందినుండి పైకి జాఱుచుండునట్లు మెల్లమెల్లగా పంపుట. ఇట్టి కూతను, చుట్టునున్న రొదకంటె సన్నగా వినబడినను, అవతలి యంత్రము పసికట్టగలదు. అందుచేతనే సుమారు 150 మిల్లీవాట్ల శక్తితో, అనగా చిన్న టార్చిలైటుకు కావలసినదానికంటె తక్కువ శక్తితో, మైళ్ళు దాటగలుగుచున్నది. కాని వేగము నత్తనడక. సెకనుకు ఇంచుమించు వేయి బిట్లు మాత్రమే పోవును. కంఠస్వరము పోదు, చిత్రము పోదు. రెండుమూడు పంక్తుల వ్రాత పోవును. ఈ గడియారములను వలగా కూర్చు మెష్టాస్టిక్ అను సాఫ్ట్‌వేరును 2020లో కెవిన్ హెస్టర్ అను నాతడు ప్రారంభించెను. ఇప్పుడు నానాదేశముల ఔత్సాహికులు దానిని పెంచుచున్నారు. దానిని ఎవరైనను ఉచితముగా తీసికొనవచ్చును, విప్పి చూడవచ్చును, మార్చుకొనవచ్చును. అందు ఒక వార్త మామూలుగా మూడుమార్లు చేతులు మాఱును. కావలెనన్న ఏడుమార్ల వఱకు మార్చుకొనవచ్చును. అంతకు మించిన వార్త అక్కడనే ఆగిపోవును. లేకున్న ఒకే మాట ఊరంతయు ప్రతిధ్వనించుచు తక్కిన మాటలకు చోటు లేకుండ చేయును. (మన పట్టణముల సభలలో కొందరు వక్తలకు కూడ ఇట్టి హద్దు ఏర్పఱచుట మంచిదని మాకు తోచుచున్నది.)

వ్యాపారులు చెప్పు దూరములను పాఠకులు నమ్మవలదు. పెట్టెమీద పదిమైళ్ళని వ్రాసియుండవచ్చును. ఎదుట అడ్డులేని కొండకొననుండి కొండకొనకు అది నిజము కావచ్చును. కాని చేతిగడియారమునకున్న ఏంటెన్నా అంగుళమంతయు లేదు. పైగా మనుష్యుని శరీరమే సగము తరంగమును త్రాగివేయును. ఊరినడుమ, ఇండ్లచాటున, గడియారమునుండి గడియారమునకు ఒకటి రెండు కిలోమీటర్లు నడచిన మంచి పనియే. కాబట్టి గడియారములు మాత్రమే కొని పంచిపెట్టి వల ఏర్పడినదనుకొన్నచో అది బావిత్రవ్వక చేద కొన్నట్లుండును. ఊరి మంచినీళ్ళ ట్యాంకుమీద, గుట్టమీద, ఎత్తయిన బడి కప్పుమీద నొక్కొక్క నిలుకడ యంత్రము నుంచవలెను. అది గడియారపు వార్తను అందుకొని దూరమునకు విసరవలెను. దానికి అరచేతులంత సౌరఫలకమును, ఒక బ్యాటరీయును చాలును. గడియారపు బ్యాటరీయో, నిస్తంత్రి ఎల్లప్పుడు వినుచుండవలెనన్న, దినమునకు మించి నిలువదు. కరెంటు పోయిన మూడవనాడు ఈ గడియారమును దేనితో నింపెదరన్న ప్రశ్నను మొదటనే వేసికొని, సౌరఫలకముగల యొక చోటును ఊరిలో నిర్ణయించి ఉంచుకొనని పక్షమున, ఈ సరదా యంతయు మొదటి తుపానుతోనే తీరిపోవును.

ఇక చీమకుర్తి విషయము చూతము. ఒంగోలునుండి కర్నూలు పోవు బాటమీద 20 కిలోమీటర్లకు పైచిలుకు దూరముననున్న ఈ పట్టణమునకు చుట్టును మెట్టనేలలును, సాగరు కుడికాలువ నీరు పాఱు మాగాణులును ఉన్నవి. పొగాకు, మిరప, ప్రత్తి, శనగ, సుబాబులు పండించు ఈ మైదానము నిస్తంత్రికి అనుకూలమైన నేల. ఒక ట్యాంకుమీది యంత్రము పొలిమేరలవఱకు చూడగలదు. పొలములో రైతునకు గడియారమెందులకని నవ్వువా రుండవచ్చును. మందు కొట్టునపుడు ఫోనును గట్టుమీద పెట్టును. కాలువలో దిగినపుడు చొక్కాతో విప్పి పెట్టును. రాత్రివేళ మోటారు వేయబోయి స్టార్టరు పెట్టెవద్ద షాకు తగిలి పడినవానికి, పాము కఱచినవానికి, గట్టుమీది ఫోను ఏమి సాయము చేయగలదు? మణికట్టుమీదనున్న వస్తువు అతనితోనే పడును. పడినవాని చేయి కొంతసేపు కదలనిచో తనంతట తానే వార్త పంపునట్లు ఆ గడియారమునకు నేర్పవచ్చును. కళ్లములో మిరపకాయ ఎండుచున్నపుడు పడమటి గ్రామములో పడిన వాన తూర్పు గ్రామమునకు చేరులోపల పట్టలు కప్పుకొనుటకు అరగంట వ్యవధి దొరకిన, గుంటూరు యార్డులో ఆ కాయ తాలుగా పోవునో మేలురకముగా పోవునో తేలిపోవును. దీనికి వానను కొలుచు చవక పరికరమును నిలుకడ యంత్రమునకు తగిలించిన చాలును.

చీమకుర్తి అనగా లోకమునకు ప్రత్తికంటె రాయి తెలియును. నల్లని నేలపై కంచురంగు మినుకులు చల్లినట్లుండు గెలాక్సీ గ్రానైటు ఇక్కడి రామతీర్థ ప్రాంతపు గనులనుండియే ప్రపంచమునకు పోవుచున్నది. ఆ గనులు ఇప్పుడు గుట్టలు కావు, గోతులు. వంద అడుగులకు మించిన లోతున, నాలుగువైపుల నిలువురాతి గోడలనడుమ, ఒడిశానుండియు, బీహారునుండియు, ఇతర రాష్ట్రములనుండియు వచ్చిన కూలీలు మనవారితో కలిసి పనిచేయుచుందురు. ఆ గోతిలో సెల్‌ఫోను తఱచు మూగది. లోరాయైనను రాతిని దూరి పోజాలదు. కాని గోతి అంచుమీద ఒక నిలుకడ యంత్రము నుంచిన పక్షమున అది క్రిందికిని చూచును, ఊరివంకకును చూచును. పైనున్న రాయి బీటలిచ్చినదని కనిపెట్టిన మేస్త్రీ క్రిందనున్న నలుబదిమందికి ఒకేసారి మణికట్టుమీద అదురు పుట్టించి చెప్పవచ్చును. కోతరంపముల రొదలో అరపు వినబడదు, అదురు తెలియును.

ఇక్కడ నొక హెచ్చరిక అవసరము. కరెంటుతో పేలు డిటోనేటర్ల తీగలు సమీపమునందలి నిస్తంత్రీ తరంగములను గ్రహించి అకాలమున పేలగల ప్రమాదము కలదు. అందుచేతనే తూటాలు పేల్చుచోట ట్రాన్స్‌మిటరులను దూరముగా ఉంచు నియమము లోకమంతటను కలదు. మన దేశమున 2025 ఏప్రిల్ 1వ తేదీనుండి ఎలక్ట్రిక్ డిటోనేటర్ల తయారీని దిగుమతిని నిషేధించిరి. అది మేలైన పని. ఐనను తూటాలు నింపుచున్నంతసేపు ఆ చోటనున్నవారి గడియారములలో నిస్తంత్రి ఆగియుండవలెనను కట్టుబాటును గని యజమానులు గోడమీద వ్రాయించిన గాని మేము ఈ సాధనమును గనులకు సిఫారసు చేయజాలము. గడియారపు శక్తి స్వల్పమే. కాని ప్రాణములతో పందెము వేయుటకు స్వల్పమన్నమాట చాలదు.

మాకు అన్నిటికంటె ఎక్కువ బాధ కలిగించు విషయము వేఱొకటి కలదు. ఈ గడియారమునకు తెలుగు రాదు. ఇది వట్టి భాషాభిమానముతో అనుమాట కాదు, లెక్క చూపెదము. ఈ వలలో ఒక్కొక్క వార్తకు సుమారు 230 బైట్ల చోటున్నది. ఆంగ్లాక్షరము ఒక్కటికి ఒక బైటు చాలును. తెలుగులో అచ్చునకును, హల్లునకును, గుణింతపు గుర్తునకును, వత్తును కలుపు పొల్లునకును విడివిడిగా మూడేసి బైట్లు కావలెను. సేఫ్ అను మాటను ఆంగ్లలిపిలో వ్రాసిన 4 బైట్లు. మనము క్షేమము అని వ్రాసిన 21 బైట్లు. ఆంగ్లేయుడు ఒకే వార్తలో లేఖ వ్రాసికొనునంత చోటున మనవాడు ఒక వాక్యము వ్రాసి ఆగవలసియున్నది. వార్త పెద్దదైనకొలది గాలిలో ఎక్కువసేపు నిలుచును. గాలి ఒక్కటే గనుక ఊరివారందఱి వంతు తగ్గును. పోనీ, అది చేరినతరువాతనైనను గడియారపు అద్దముమీద సరిగా కనబడునా యన్న, అదియు లేదు. ఇట్టి చిన్నయంత్రములలోని వ్రాతపరికరములు సామాన్యముగా అక్షరమును అక్షరముప్రక్కన నిలుపుటయే యెఱుగును. వత్తును క్రిందికి దింపుట, గుణింతమును తలపై పెట్టుట యెఱుగవు. తెలుగుమాట అవయవములు విడిపోయిన బొమ్మవలె కనబడును. దీనిని చూచి, అందులకే ఆంగ్లలిపిలో తెలుగు వ్రాసికొనవచ్చునుగదా యని మన విద్యాధికులు వెంటనే సలహా చెప్పెదరు. ఆపదవేళ పంపు వార్తను చదువవలసినవారు ఆ విద్యాధికులు కారు.

దీనికి మందు మన పెద్దలకు తెలిసినదే. పెండ్లి శుభాకాంక్షల తంతి పంపుటకు తంతికార్యాలయములో అంకెల పట్టిక ఉండెడిది. వాక్యమునకు మాఱుగ అంకె చెప్పిన చాలును. అవతలి యూరిలో పూర్తి వాక్యము అచ్చయి అందెడిది. 2013 జూలైలో మన దేశమున తంతి మూతపడినది గాని ఆ యుపాయము మూతపడనక్కరలేదు. ఒక్క బైటులో 256 అంకెలు పట్టును. ఊరికి కావలసిన 256 వాక్యములను ముందుగానే తెలుగులో, తెలుగు నుడికారముతో, బొమ్మలుగా అచ్చువేసి ప్రతి గడియారములోను పెట్టవలెను. ‘కాలువకు గండి పడినది’, ‘పాము కఱచినది, బండి పంపుడు’, ‘కళ్లముమీద పట్టలు కప్పుడు’, ‘అందఱము బడిలో క్షేమముగా ఉన్నాము’, ‘మంచినీరు కావలెను’, ‘ఏఱు దాటవలదు’. గాలిలో పోవునది అంకె మాత్రమే. కనబడునది చక్కని తెలుగు. ఆంగ్లలిపి లేఖకంటె కూడ ఇది వేగముగా పోవును. టీ-వాచ్ వంటివాటిలో చిన్న స్పీకరును ఉన్నది గనుక చదువురానివారికి ఆ వాక్యమును మన కంఠస్వరముతోనే వినిపించవచ్చును. అదే అంకె గోతిలోని ఒడిశా కూలి చేతిమీద ఒడియాలోను, బీహారు కూలి చేతిమీద హిందీలోను వెలువడునట్లు చేయవచ్చును. ఇందుకు కోటిరూపాయల పరిశోధనాలయము అక్కరలేదు. ఒంగోలులోని ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు నలుగురు ఒక వేసవి కూర్చున్న ముగియు పని. ఆ వాక్యములను ఏర్చునపుడు మాత్రము కళాశాలలో కూర్చుండక పొలములోను గనిలోను కూర్చుండవలెను. నీళ్ళకు నేల యేమందురో, గట్టుకు కట్టకు భేదమేమో, ఏ మాటకు మనిషి వెంటనే లేచి పరుగెత్తునో అక్కడ తెలియును.

ఈ గడియారము మనది కాదన్న లోపము ఇంకొకటి యున్నది. పూర్వము మన ప్రత్తి బేళ్ళుగా లాంకషైరునకు పోయి బట్టగా తిరిగివచ్చినదని మన తండ్రులు వాపోయిరి. నేడు చీమకుర్తి రాయి ముడిదిమ్మలుగా ఓడలెక్కి చైనాకు పోవుచున్నది; చైనానుండి గడియారము వచ్చుచున్నది. దానిలోని కంప్యూటరు చిప్పు షాంఘైలోని ఎస్‌ప్రెసిఫ్ సంస్థది. నిస్తంత్రీ చిప్పు అమెరికావారిది. మదరాసు ఐ.ఐ.టి.లో శక్తి యను ప్రాసెసరును మనవారు రూపొందించిరి. శ్రీసిటీలో సెల్‌ఫోనులు కూర్చు కర్మాగారమున్నది. ఐనను ఊరికి కావలసిన ఈ అరచేతి వస్తువును చేయవలెనని ఎవరికిని తోచలేదు. పరదేశపు వస్తువని దూరముంచిన నష్టము మనదే. కాని దానిలోని బుద్ధినైనను మన చేతితో వ్రాసికొనకుండ, వచ్చినది వచ్చినట్లు తొడిగికొన్నచో, రాట్నమును బొమ్మగా గోడకు తగిలించినవానికిని మనకును భేదముండదు. పెట్టె పరదేశముది యగుటకంటె బుద్ధి పరదేశముది యగుటయే ఎక్కువ నష్టమని మా తలంపు.

చట్టమును గూర్చి రెండుమాటలు. నిస్తంత్రి యనగానే మన దేశమున భయము పుట్టుట సహజము. 1885వ సంవత్సరపు టెలిగ్రాఫు చట్టమును, 1933వ సంవత్సరపు నిస్తంత్రీ చట్టమును తెల్లదొరలు వ్రాసినవి. అనుమతి లేక యంత్రమును దగ్గఱ నుంచుకొనుటయే నేరమని రెండవ చట్టము శాసించినది. 1942లో ఉషా మెహతాయు ఆమె సహచరులును బొంబాయిలో రహస్యముగా కాంగ్రెసు రేడియో నడపినందుకు చెఱసాలపాలైరి. ఆ రెండు చట్టముల స్థానమున 2023లో మన పార్లమెంటు క్రొత్త టెలికమ్యూనికేషన్ల చట్టమును చేసినది. అంతకు చాల పూర్వమే, 2005లో, 865 మొదలు 867 మెగాహెర్ట్జుల వఱకు గల పట్టీని అల్పశక్తి యంత్రములకు లైసెన్సు లేకుండ విడిచిరి. 2021లో దానిని 868 వఱకు పెంచిరి. మనము చెప్పుచున్న గడియారములు ఆ పట్టీలో, ఆ శక్తికి లోబడి పనిచేసినంతవఱకు, వాడుకొనువానికి లైసెన్సు అక్కరలేదు. కాని అంగడిలో అమెరికా కొలతకు చేసిన 915 మెగాహెర్ట్జుల సరకు కూడ దొరకును. చవకయని దానిని కొన్నవాడు తెలియకుండనే చట్టమును మీఱును. యంత్రమునకు కేంద్రప్రభుత్వపు వైర్‌లెస్ శాఖవారి ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉన్నదో లేదో కూడ కొనువాడు అడిగి తెలిసికొనవలెను. వాకీటాకీలను ఇట్టి వివరములు చెప్పకుండ అమ్ముచున్నందుకు ఆన్‌లైను అంగళ్ళకు 2025లో వినియోగదారుల రక్షణసంస్థవారు నోటీసులిచ్చిరి. నోటీసు అంగడివానికి వచ్చును. పోలీసువాడు ఇంటికి వచ్చును. ఏ గడియారము న్యాయమైనదో, ఏది కాదో తెలుగులో ఒక కాగితము అచ్చువేసి తహశ్శీల్దారు కార్యాలయములలో అంటించుట ప్రభుత్వమువారి విధి. అది లేనిచోట ప్రతి కానిస్టేబులు తానే చట్టమగును.

ఈ వలలోని వార్తలు తాళము వేసి పోవునవి; తాళపుచెవి గలవారే చదువగలరు. దుర్మార్గుని చేతిలో ఇది ప్రమాదకరము కాదాయని ప్రభుత్వమువారు శంకింతురు. ఆ శంక నిరాధారమని మే మనము. సరిహద్దు రాష్ట్రములలో కాపాడవలసిన రహస్యములు ఉన్నవి. కాని 2022 మే నెలలో అమలాపురపు అల్లర్ల తరువాత కోనసీమలో దినములతరబడి ఇంటర్నెట్టును ఆపివేసినప్పుడు, అల్లరి చేసినవారు కొలదిమంది, వార్త అందక కష్టపడినవారు లక్షలమంది. ఇట్టి నిలుపుదలలు అవధి లేకుండ ఉండరాదని, ఉత్తర్వులను బయటపెట్టవలెనని 2020 జనవరిలో సుప్రీముకోర్టువారు అనూరాధా భాసిన్ వ్యాజ్యములో తీర్పు చెప్పియున్నారు. ఊరికి తనదైన మాటమార్గ మొకటి ఉండుటను అపరాధముగా చూడవలదని మేము కోరుచున్నాము. పంచాయతీవారు తమ వలకు బాధ్యులుగా పేరు వ్రాసియిచ్చి, ఎవరి గడియార మెవరిదో పుస్తకములో ఎక్కించిన పక్షమున, ప్రభుత్వమువారి శంకకును సమాధానము దొరకును, ప్రజల మాటకును భంగము రాదు. తయారైనపుడు ఈ వలకు ఉండు తాళపుచెవి లోకమందఱికి తెలిసినదే. దానిని మార్చుకొనక ఊరి రహస్యములను అందు పలుకుట కూడ అవివేకము.

మా పాఠకులలో భూస్వాములును, గని యజమానులును ఉన్నారు. వారితో ఒక కటువైన మాట చెప్పక తప్పదు. ఈ గడియారములలో కొన్నిటికి, తనను ధరించినవాడు ఎక్కడ నున్నాడో నిమిషనిమిషము చెప్పు శక్తి కలదు. ప్రమాదవేళ అది ప్రాణదానము. పనివేళ అది పలుపుత్రాడు. కూలి చెట్టునీడను ఎంతసేపు కూర్చుండెనో, ఆడకూలి ఏ గట్టుచాటునకు పోయెనో, గనికూలి ఎవరితో మాటాడెనో యజమాని గదిలో కూర్చుండి పటముమీద చూడవచ్చును. ప్రాణరక్షణకని తొడిగి పహరాకు వాడుకొన్నచో, కూలీలు రెండవదినమే దానిని విప్పి చెట్టుకు తగిలింతురు. మూడవదినమున రాయి దొర్లినపుడు అదురవలసిన మణికట్టుమీద అది ఉండదు. కనుక చోటు చెప్పు మీట ధరించినవాని చేతిలోనే యుండవలెను. అతడు మీట నొక్కినపుడో, పడిపోయినపుడో తప్ప అది పలుకరాదు. గడియారమును ప్రోగ్రాము చేయువారు మొదట వ్రాయవలసిన పంక్తి యిది. గడియారపు ఖరీదును కూలిలో కోసికొనుట యెట్టిదో మేము వేఱుగా చెప్పనక్కరలేదు.

ఖర్చెవరిదను ప్రశ్న మిగిలియున్నది. గడియారపు ధర చవకరకపు సెల్‌ఫోను ధరకు మించదు. నిలుకడ యంత్రము ధర అంతకంటె తక్కువ. ఊరందఱికి గడియారములు అక్కరలేదు. వీధికి ఒకటి, పొలిమేరకు ఒకటి, గనిలో జట్టుకు ఒకటి, ఆశా కార్యకర్తకు ఒకటి, లైన్‌మనుకు ఒకటి చాలును. చీమకుర్తి గనులనుండి సర్కారుకు సీనియరేజి చెల్లుచున్నది. గనిప్రాంతముల మేలునకని జిల్లా ఖనిజ నిధి యని యొకటి ఏర్పడియున్నది. గుడికి రంగులకును ఆర్చీలకును ఇట్టి నిధులు పోవుట మనము చూచుచున్నాము. దీనికి కావలసినది అందులో చెదరిన పిండివంటి పాలు.

శిక్షణకు మనవారే యున్నారు. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ అండమాను దీవులను ముంచినపుడు, హైదరాబాదునందలి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పక్షమున పోర్టుబ్లెయిరులో నుండిన భారతీ ప్రసాదును ఆమె తోడివారును తమ యంత్రములతో ప్రధానభూమికి వార్తలు పంపిరి. వా రక్కడకు పోయినది సునామీకొఱకు కాదు. తమ అభిరుచికొఱకు అనుమతి పొంది యంత్రములు నిలుపుకొనియుండిరి. యంత్రము ముందే నిలిచియుండుటవలన, చేయి ముందే అలవడియుండుటవలన అది సాధ్యమైనది. ఆపద వచ్చినతరువాత పెట్టె విప్పి పుస్తకము చదువువానికి అది సాధ్యము కాదు. కాబట్టి అక్టోబరు తుపానుల ఋతువు రాకపూర్వమే చీమకుర్తి మునిసిపాలిటీవారును, చుట్టునున్న పంచాయతీలవారును నెలకొక దినము నిర్ణయించి, ఆ దినమున ఒక గంటసేపు సెల్‌ఫోనులు ముట్టకుండ, ఏ గ్రామమునుండి ఏ గ్రామమునకు అంకె చేరినదో, ఎక్కడ తెగినదో వ్రాసి పంచాయతీ బోర్డుమీద అంటింపవలెను. తెగినచోట నొక నిలుకడ యంత్రము పెట్టవలెను. మొదటి గడియారమును మాత్రము ఏ అధ్యక్షునికిని తొడుగక, గుండ్లకమ్మ గేటువద్ద రాత్రి కాపలాయుండు లస్కరు చేతికి తొడిగి, దిగువ గ్రామములలో ఎవరి మణికట్టు మొదట అదరినదో చూడవలెను.